మడినీళ్లు దిగాక కుంటలో చేపలు తేలితే: కలుపు మందు చేసేదేమిటి, చేయనిదేమిటి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కర్నూలుకు దిగువన కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద మీ ఊరి కుంటను సంఘం తరఫున పాటలో తీసుకున్నారు. ఐదెకరాల కుంట, నీళ్లు నడుములోతు. బొచ్చె, రాగండి, ఎర్రమోసు పిల్లలు వదిలి నెల కాలేదు; పోయినేడు వదిలినవి కిలో దాటినవీ కొన్ని ఉన్నాయి. ఎగువన 30 ఎకరాల మడి. నాట్లు పడిన నాలుగో రోజు బ్యూటాక్లోర్ అనే కలుపు మందు చల్లారు, ఆ రాత్రే గట్టి వాన కొట్టింది. మరుసటి రోజు పొద్దున పదింటికి వంక దిగే మూలలో పిల్లలు తేలాయి. అక్కడి నత్తలు, కప్పతోకలు (తోకతో ఉండే కప్ప పిల్లలు) కూడా చచ్చాయి. రెండు రోజులు మబ్బు పట్టింది, నీళ్ల పచ్చదనం పోయి గోధుమరంగు తిరిగింది. మూడో రోజు తెల్లవారుజామున కుంటంతా పెద్ద బొచ్చెలు తేలాయి, కొర్రమీనులకు మాత్రం ఏమీ కాలేదు. ఎగువ రైతులు "అది గడ్డిని చంపే మందు, చేపనేం చేస్తుంది" అంటున్నారు. మీవాళ్లు కేసు పెడదామంటున్నారు. మందు వల్లేనా, మిగిలిన చేప తినొచ్చా, వచ్చే ఏడు ఏం చేయాలి అని అడిగావు.

నేను మత్స్యశాఖలో 31 ఏళ్లు చేసి దిగిపోయినవాణ్ణి. ఎక్కువ కాలం కర్నూలు, కడప చెరువుల మీదే తిరిగాను. మాకూ కేసీ కాలువ కింద మూడెకరాల మడి ఉంది, బీపీటీ 5204 రకం వరి వేస్తాం, నా చేత్తోనే బ్యూటాక్లోర్ ఇసుకలో కలిపి చల్లాను. అందుకని నాకు మీ బాధా తెలుసు, ఎగువవాళ్ల బాధా తెలుసు. కూలీలు దొరకని రోజుల్లో కలుపు మందు మానుకోండి అని ఏ రైతుకూ నేను చెప్పలేను.

ముందు "గడ్డి మందు చేపనేం చేస్తుంది" అన్న మాట చూద్దాం. ఆ మాట అన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నమ్మే అంటున్నారు. డబ్బా మీద త్రికోణం నీలంగా ఉంది కదా, ఎరుపు కాదు కదా అనుకుంటారు. ఆ త్రికోణం రంగును ఎలుకల్లాంటి ప్రయోగశాల జంతువులకు మందు నోటి ద్వారానో చర్మం ద్వారానో పోతే ఎంత మోతాదుకు చస్తాయో చూసి వేస్తారు. అంటే అది చల్లే మనిషి జాగ్రత్త కోసం పెట్టిన గుర్తు. నీళ్లలో ఉండే జీవం సంగతి ఆ రంగులో లేదు. మనిషికి నీలమైన మందు చేపకు ఎరుపు కావచ్చు. నా ఉద్యోగం మొత్తంలో రైతులకు చెప్పాల్సి ఉండీ సరిగ్గా చెప్పలేకపోయిన సంగతి ఏదన్నా ఉంటే ఇదే.

చేప ఊపిరి నీళ్లలోనే పీల్చుకోవాలి. దాని మొప్పల చర్మం మన కంటిరెప్ప లోపలి పొర కంటే పలుచన, రక్తానికీ నీళ్లకూ మధ్య అదొక్కటే అడ్డు. నూనెలో కరిగే గుణమున్న మందు ఆ పొరను సులువుగా దాటి రక్తంలోకి పోతుంది. బ్యూటాక్లోర్, పెండిమెథాలిన్, ఆక్సీఫ్లోర్‌ఫెన్ ఈ జాతివి. మందు డబ్బాలో 'ఈసీ' అని ఉంటే, దాన్ని నీళ్లలో పాలలా కలిసేట్టు చేసే ద్రావకం, సబ్బులాంటి పదార్థం కూడా ఉంటాయి. అవి మొప్పలను ఇంకాస్త గాయం చేస్తాయి.

కలుపు మందులన్నీ ఒక్కటి కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకో. నాలుగు రోజుల్లో సగం చేపలు చచ్చే మోతాదును కొలమానంగా తీసుకుంటారు. బ్యూటాక్లోర్‌కు కామన్ కార్పు, అంటే మన బంగారుతీగ మీద ఆ మోతాదు లీటరు నీటికి సుమారు 0.3 మిల్లీగ్రాములు. పెండిమెథాలిన్‌కు చేప రకాన్ని బట్టి 0.1 నుంచి 0.4 దాకా. ప్రెటిలాక్లోర్ కొంత నయం, 1 నుంచి 2 మిల్లీగ్రాముల దగ్గర. ఇక బిస్‌పైరిబాక్ సోడియం, 2,4-డి సోడియం ఉప్పు లాంటివి 100 మిల్లీగ్రాములు దాటినా చేపను నేరుగా చంపవు. అదే 2,4-డి ఎస్టర్ రూపంలో, అంటే నూనెలో కరిగే రూపంలో ఉంటే మళ్లీ ప్రమాదమే. అంటే ఒక కలుపు మందుకూ ఇంకోదానికీ వందల రెట్ల తేడా ఉంది. "కలుపు మందు కొట్టారు" అని అరిస్తే ఏమీ తేలదు. ఏ మందు, ఎంత శాతం, ఎప్పుడు అని అడిగితేనే తేలుతుంది.

ఇప్పుడు మీ కుంట లెక్క వేద్దాం. బ్యూటాక్లోర్ 50 శాతం ఈసీ ఎకరాకు లీటరు నుంచి లీటరున్నర, 20–25 కిలోల పొడి ఇసుకలో కలిపి, నాటిన 3–5 రోజుల్లో పలుచగా నీళ్లు పెట్టి చల్లమంటారు. లీటరుంబావు వేశారనుకుందాం. అందులో అసలు మందు 625 గ్రాములు. ఎకరా మడిలో 5 సెంటీమీటర్ల నీళ్లుంటే అవి సుమారు 2 లక్షల లీటర్లు. అంటే చల్లిన రోజు మడినీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాములు, బంగారుతీగను చంపే మోతాదుకు పది రెట్లు. అందులో చాలా భాగం బురద పట్టుకుంటుంది, అది నిజం. రాత్రి వాన ఇంకో 5 సెంటీమీటర్లు పోసి పలుచన చేసింది అనుకున్నా, గెనిమ (మడిగట్టు) తెగి వంకలోకి దిగిన నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు.

మీ కుంటలో నీళ్లు 2 కోట్ల లీటర్లు. 30 ఎకరాల మందులో పదోవంతు కొట్టుకొచ్చినా అది రెండు కిలోల లోపే. కుంటంతా సమంగా కలిస్తే లీటరుకు 0.1 మిల్లీగ్రాము కూడా కాదు. కాబట్టి కుంటంతటినీ ఒక్కసారిగా చంపేంత మందు రాలేదు. వంక దిగే మూలలో మాత్రం, కలవక ముందు, చంపేంత ఉంది. నువ్వు చూసింది కూడా సరిగ్గా అదే: ఆ మూలలోనే, పట్టపగలు, చిన్నవి ముందు, వాటితోపాటు నత్తలూ కప్పతోకలూ. ఇది విషం పని. ఇందులో నాకు పెద్దగా సందేహం లేదు.

ఆ మూలకే పిల్లలు ఎందుకు చేరాయంటావా? కొత్తనీటికి చేప ఎదురెక్కుతుంది. అది దాని పుట్టుగుణం. తుంగభద్రలో వరద రాగానే బొచ్చె, రాగండి పైకి ఎదురీది గుడ్లు పెట్టాలని చూస్తాయి. కుంటలో గుడ్లు పెట్టకపోయినా, చల్లటి నీళ్లు కదులుతున్నాయంటే అటే పోతాయి. పరిగెలు, జెల్లలైతే ఆ నీళ్లలోనే మడికాలువల దాకా ఎక్కి పిల్లలు పెడతాయి. మనం కలుపు మందు చల్లేదీ అవే వారాల్లో. కేసీ కాలువకు నీళ్లు వదిలారంటే 300 కిలోమీటర్ల పైచిలుకు కాలువ పొడవునా, ఎక్కడికక్కడ పదిహేను రోజుల్లో అందరి నాట్లూ పడతాయి, అందరి మందూ పడుతుంది. ఏడాదిలో చేపకు పిల్లల కాలం ఏదో, వాగుల్లో మందు ఎక్కువగా ఉండే కాలమూ అదే. గుడ్డు చీలిన పిల్ల, పెద్ద చేప తట్టుకునేంత తట్టుకోలేదు. మన ఊళ్లలో "ఒకప్పుడు మడికాలువలో గంప నిండా పరిగెలు పట్టేవాళ్లం" అని ముసలివాళ్లు చెప్పే మాట వెనక వానల కొరత ఒక్కటే లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మూడో రోజు తెల్లవారుజామున పెద్ద బొచ్చెలు తేలడం వేరే కథ. దాన్ని విషం అని రాస్తే మీ కేసు నిలబడదు, మీరు నేర్చుకోవాల్సిందీ నేర్చుకోరు. అది ఊపిరాడక చావడం. గుర్తులు చూడు: సూర్యుడు రాకముందు, పెద్దవి ముందు, కుంటంతా, కొర్రమీను మాత్రం బతికే ఉంది. కొర్రమీను, మార్పు అనే చేప నీళ్ల పైకి వచ్చి గాలి మింగగలవు. నీళ్లలో మందు ఎక్కువై ఉంటే అవీ పోయేవి. బొచ్చెకు ఆ ఉపాయం లేదు. లీటరుకు 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే బొచ్చె లాంటి కార్పు జాతి చేపలకు హాయి. 3 కిందికి పోతే నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి. 1 దగ్గర చస్తాయి.

అయితే ఆ ఊపిరాడకపోవడానికి కూడా కలుపు మందుకు సంబంధం ఉంది. నీళ్లకు పచ్చరంగు ఇచ్చే సన్నటి నాచే పగలంతా ప్రాణవాయువు తయారుచేస్తుంది. అది మొక్కే కదా. మొక్కను చంపే మందు చేపను చంపే మోతాదు కంటే ఎంతో తక్కువలోనే నాచును దెబ్బతీస్తుంది. కుంటంతా కలిస్తే 0.1 లోపే అని ఇందాక లెక్క వేశామే, చేపను చంపని ఆ మోతాదు నాచుకు చాలు. నాచు చస్తే నీళ్లు పచ్చదనం పోయి గోధుమరంగు తిరుగుతాయి. చచ్చిన నాచు, చచ్చిన పిల్లలు కుళ్లుతూ ఉన్న ప్రాణవాయువును తినేస్తాయి. పైన రెండు రోజుల మబ్బు, వంకతో వచ్చిన బురద. రాత్రంతా వాడకమే, తయారీ లేదు. తెల్లవారుజాముకు అడుగంటింది. ఎగువవాళ్లు "మందు చల్లిన నాడే చావాలి కదా, మూడో రోజు చావడమేమిటి" అంటే, చెప్పాల్సిన సమాధానం ఇది.

మొక్కజొన్నలో వాడే అట్రజిన్ ఈ దారిలో ఇంకా స్పష్టంగా పనిచేస్తుంది. మొక్క ఎండను ఆహారంగా మార్చుకునే పనిని అది ఆపేస్తుంది. చేపను చంపాలంటే లీటరుకు చాలా మిల్లీగ్రాములు కావాలి, అంత మన కుంటల్లోకి రాదు. నాచుకు అందులో చిటికెడు చాలు. నాచు తగ్గితే దాన్ని తినే సూక్ష్మజీవులు తగ్గుతాయి, వాటి మీద బతికే బొచ్చె బక్కచిక్కుతుంది. చావు కనపడదు, తూకంలో మాత్రం కనపడుతుంది.

కడప వైపు పనిచేసినప్పుడు ఒక చెరువు సంగతి నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. అక్కడ చేప ఏ ఏడాదీ కుప్పలుగా చావలేదు. ఏటా నాట్లయిన నెలకు ఒంటి మీద ఎర్ర మచ్చలు, పుండ్లు, చేపపేను. సంఘంవాళ్లు వచ్చి చెబితే నేను "రోగం" అని రాసి, సున్నం చల్లమని చెప్పి పంపేవాణ్ణి. మూడేళ్లు అదే రాశాను. నాలుగో ఏడు ఒక చేప మొప్పలు కోసి కంటి దగ్గర పెట్టుకుని చూస్తే, ఎర్రగా దువ్వెన పళ్లలా విడివిడిగా ఉండాల్సిన పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి, జిగురు పట్టి, వెలిసిపోయి ఉన్నాయి. కాలేజం పసుపు తిరిగి మెత్తబడింది. అది పేను చేసే పని కాదు. చెరువులోకి దిగే రెండు కాలువలూ మళ్ల మీదుగానే వస్తున్నాయి. కొద్దికొద్దిగా మందు తగులుతుంటే చేప చావదు. మొప్పలు జిగురు కార్చి దాన్ని ఆపాలని చూస్తాయి, ఆ జిగురే ఊపిరికి అడ్డమవుతుంది. మందును విరిచే పనిలో కాలేజం అలసిపోతుంది. మేత తగ్గుతుంది, రోగం ఆపుకునే శక్తి తగ్గుతుంది. అప్పుడు ఎప్పుడూ ఉండే పేను, బూజు దాన్ని పట్టుకుంటాయి. నేను చివరి కారణాన్ని రాసి మొదటి కారణాన్ని వదిలేశాను. ఆ మూడేళ్లలో ఆ సంఘం పోగొట్టుకున్న పంటకు నాకూ పూచీ ఉంది.

మడి ఒక్కటే చూడకు, మెట్ట సంగతీ చెప్పాలి. ఉల్లి, పత్తి, వేరుశనగలో విత్తిన ఒకటి రెండు రోజుల్లో పెండిమెథాలిన్ కొడతాం. అది మట్టిని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి నీళ్లతో కరిగి రాదు, మట్టితో కలిసి వస్తుంది. విత్తనం పడగానే ఒక జడివాన కొట్టి వంక ఎర్రగా పారిందంటే ఆ ఎర్రదనంలో మందు ఉన్నట్టే. అది కుంట అడుగున ఒండ్రులో చేరుతుంది. ఎర్రమోసు, బంగారుతీగ అడుగు మట్టిని జల్లెడపట్టి తినే చేపలు. పెండిమెథాలిన్ నీటిలో ఉన్నదానికి వేల రెట్లు చేప కొవ్వులో పోగుపడగలదు. మంచి నీళ్లలోకి మారిస్తే రెండు మూడు వారాల్లో చాలా భాగం వదిలేస్తుంది కూడా, ఆ మేరకు ఊరట. దీనికి చుట్టమైన ట్రైఫ్లురాలిన్ చేపల వెన్నెముకను వంకర తిప్పేది. మన దేశంలో 2018లో గోధుమకు తప్ప మిగతా వాడకం ఆపేశారు. అలాక్లోర్ కూడా 2020 ఆఖరుతో ఆగిపోయింది. పాత డబ్బాలు ఎవరి కొట్టంలోనన్నా మిగిలి ఉంటే వాటిని వాడొద్దని చెప్పు.

పంపు కడిగే సంగతి ఇంకా దగ్గరిది. పెండిమెథాలిన్ 30 శాతం ఎకరాకు లీటరున్నర లోపు, 200 లీటర్ల నీళ్లలో కలుపుతాం. ఆ కలిపిన నీళ్లలో లీటరుకు 2 గ్రాముల మందు ఉంటుంది. పంపు అడుగున మిగిలిన ఒక్క లీటరు, 10 వేల లీటర్ల నీటిని చేప చచ్చే మోతాదుకు తెస్తుంది. కాలువ గట్టున కూర్చుని ముగ్గురు రైతులు పంపులు కడిగితే చాలు, ఒక చిన్న గుంటలోని చేపంతా పోతుంది. గ్లైఫోసేట్ విషయంలోనూ ఇంతే. అసలు మందు చేపకు పెద్దగా విషం కాదు, అది ఆకుకు అంటుకోవాలని కలిపే సబ్బు పదార్థం విషం. గెనిమల మీద కొట్టిన పంపును వంకలో ముంచి కడగడం మనవాళ్లకు అలవాటు. ఆ మిగులు నీళ్లను చేను గట్టునే, నీటికి దూరంగా ఎండు నేల మీద పోయాలి.

గుర్రపుడెక్క మీద మందు కొట్టే సంఘాలకూ ఒక మాట. 2,4-డి ఉప్పు కొడితే చేప చావదు అని ఎవరో చెబుతారు, అది నిజమే. కుంట నిండా పరుచుకున్న డెక్క వారంలో ఒక్కసారిగా కుళ్లితే మాత్రం ప్రాణవాయువు లేక చేపంతా చస్తుంది. చేత్తో లాగి గట్టున వేయండి. కుదరకపోతే మూడోవంతు చొప్పున, మధ్యలో రెండు మూడు వారాలు ఆగి చేయండి.

ఇంతా చెప్పాక ఒక హెచ్చరిక: కలుపు మందే అని తేల్చేముందు ఆ వారంలో ఇంకేం వేశారో అడిగి తెలుసుకో. నారుమడిలో కార్బోఫ్యూరాన్ గుళికలు వేస్తారు. పురుగు మందుల్లో పైరిథ్రాయిడ్లు, ఉదాహరణకు లామ్డా సైహలోత్రిన్, కలుపు మందుల కంటే వందల రెట్లు తక్కువ మోతాదులో చేపను చంపుతాయి. లీటరుకు మిల్లీగ్రాములో వెయ్యోవంతు కూడా అక్కర్లేదు. అవి రొయ్య, పీత, నీటిపురుగులను ముందు చంపుతాయి, నత్తలను అంతగా కాదు. మీ కుంటలో నత్తలు, కప్పతోకలు కూడా పోయాయి, నాట్లయి నాలుగు రోజులే అయింది, పురుగు మందు కొట్టే సమయం కాదు. అందుకే నేను బ్యూటాక్లోర్ వైపే మొగ్గుతున్నాను. అయినా గుళికల సంగతి అడుగు.

ఆధారం కావాలంటే నీళ్లు వెంటనే పట్టాలి, ఆలస్యం చేస్తే నీళ్లలో ఏమీ దొరకదు. గాజు సీసాలో పట్టు, ప్లాస్టిక్ సీసా వద్దు. నూనె గుణమున్న మందు ప్లాస్టిక్‌కు అంటుకుని లెక్కలో తక్కువ చూపిస్తుంది. వంక మూలలో ఒకటి, కుంట నడిమధ్య ఒకటి, వంక ఎగువన ఒకటి, మూతిదాకా నింపి, నల్లగుడ్డ చుట్టి, ఐసులో పెట్టు. అప్పుడే చచ్చిన లేదా కొన ఊపిరితో ఉన్న చేపలను రేకు కాగితంలో చుట్టి ఐసులో పెట్టు. ఉబ్బి వాసన వచ్చినవి పనికిరావు. మీ కుంటలో ఇప్పటికే రోజులు గడిచాయి కాబట్టి నీళ్ల కంటే వంక మూలలోని పైపొర ఒండ్రు తీయడం మేలు, బ్యూటాక్లోర్ అక్కడ ఇంకా కొన్నాళ్లు ఉంటుంది. మత్స్యశాఖవాళ్లను, వ్యవసాయశాఖవాళ్లను ఒకేసారి పిలిచి, ఎగువ రైతుల్లో ఇద్దరిని సాక్షులుగా నిలబెట్టి పంచనామా రాయించు. వాళ్లు లేకుండా రాస్తే అది కొట్లాటకే పనికొస్తుంది.

తినే సంగతి. చచ్చి తేలిన చేపను తినొద్దు, అమ్మొద్దు, ఎండబెట్టొద్దు, కోళ్లకూ కుక్కలకూ వేయొద్దు. గట్టుకు దూరంగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి. నష్టం పూడ్చుకోవాలని ఎండబెట్టి సంతకు పంపే ఆలోచన ఎవరికన్నా వస్తే గట్టిగా ఆపు. బతికినవాటిని మూడు వారాలు పట్టొద్దు. ఈలోగా కొత్తగా మడినీళ్లు దిగకుండా చూసుకుంటే, మేత బాగా తింటూ చురుగ్గా ఉంటే, ఆ తరువాత పట్టుకోవచ్చు. పేగులు, కాలేజం, కడుపు కొవ్వు తీసేసి వండుకోండి, మందు పోగుపడేది ఎక్కువగా అక్కడే. అమ్మకానికి పెట్టేముందు రెండు చేపలు పరీక్షకు పంపగలిగితే ఇంకా మంచిది.

వచ్చే ఏడు సంగతి. నా మాటంతా దీని కోసమే అనుకో. మందు చల్లాక వారం రోజులు మడినీళ్లు మడిలోనే నిలవాలి. అంతకు మించిన మంత్రం లేదు. మడినీళ్లలోని బ్యూటాక్లోర్‌ను బురద పట్టుకుంటుంది, ఎండ, బురదలోని సూక్ష్మజీవులు విరుస్తాయి. మొదటి రోజు ఉన్నదానికీ ఏడో రోజు మిగిలేదానికీ ఎంతో తేడా. జపాన్‌లో 1962లో వరిమళ్లకు వాడిన పీసీపీ అనే కలుపు మందు భారీ వానలకు కొట్టుకుపోయి అరియాకే సముద్రంలో, బీవా సరస్సులో చేపలను, ఆల్చిప్పలను పెద్దఎత్తున చంపింది. ఆ దెబ్బతోనే అక్కడ మందులకు చేపల మీద విషగుణం చూసి అనుమతులిచ్చే పద్ధతి వచ్చింది. ఇప్పుడు అక్కడ చల్లాక ఏడు రోజులు నీళ్లు బయటికి వదలొద్దంటారు. అమెరికాలో కాలిఫోర్నియా వరి ప్రాంతంలో 1980ల మొదట్లో మోలినేట్ అనే కలుపు మందుకు మురుగు కాలువల్లో కార్పు చేపలు రక్తం తగ్గి కుప్పలుగా చచ్చాయి. వాళ్లు ముందు చేసిందీ మడిలో నీళ్లు నిలిపి ఉంచే రోజులు పెంచడమే, తరువాత తరువాత దాన్ని దాదాపు నెల దాకా తీసుకుపోయారు. కాలువల్లో మందు బాగా తగ్గింది.

ఎగువ రైతుతో ఈ మాట చెప్పేటప్పుడు మీ చేప కోసం అని అడగకు. బ్యూటాక్లోర్ పనిచేయాలంటేనే నీళ్లు పొరలా నిలవాలి, తీసేస్తే కలుపు మళ్లీ లేస్తుంది. మడవ తీసిన రైతు తన డబ్బులను వంకలో పారబోసుకున్నట్టే. ఈ మాట వాళ్లకు తొందరగా ఎక్కుతుంది, ఎందుకంటే అది నిజం. గెనిమ ఎత్తు జానెడు ఉంటే, 3 సెంటీమీటర్ల నీళ్లు మాత్రమే పెట్టి చల్లితే, పైన ఇంకా 12 సెంటీమీటర్లకు మించి ఖాళీ ఉంటుంది. ఒక్క రాత్రిలో 120 మిల్లీమీటర్ల వాన మన సీమలో ఎన్నేళ్లకొకసారి పడుతుందో వాళ్లకే తెలుసు. కాబట్టి అసలు పని మందు చల్లేముందు గెనిమలు సర్దడం, ఎండ్రకాయ బొక్కలు పూడ్చడం. రేపు వానుందని వాతావరణశాఖ చెబితే ఒక రోజు ఆగడం. ఇంకొంచెం ఒప్పుకునేవాళ్లుంటే ప్రెటిలాక్లోర్ వైపో, 15–20 రోజులప్పుడు బిస్‌పైరిబాక్ వైపో మారమని అడుగు. మడిలో ఏ కలుపు వస్తుందో చూసుకుని మారాలి, గుడ్డిగా కాదు.

మా ఊరి దగ్గర ఒక కుంట కింద ఇది కుదిరింది. కుదరడానికి రెండేళ్లు పట్టింది. సంఘంవాళ్లు నాట్ల ముందు ఎగువ రైతుల దగ్గరికి పోయి గెనిమల పనికి ఒక రోజు మనుషులుగా సాయం చేశారు. బదులుగా రైతులు మందు చల్లే రోజు ముందే ఫోన్ చేసి చెప్పడం మొదలుపెట్టారు. ఫోన్ రాగానే సంఘంవాళ్లు వంక నోటికి ఇసుక బస్తాలు వేసి, నీళ్లను పక్క కాలువకు మళ్లించి, ఎనిమిదో రోజు తీసేవాళ్లు. ఎవరూ ఎవరికీ దండుగ కట్టలేదు.

మీ వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. వంక దిగే చోట చిన్న గుంత తవ్వి, దాని వెనక పది పదిహేను అడుగుల మేర జమ్ము, తుంగ పెరగనివ్వండి. మట్టి అక్కడ ఆగుతుంది, మట్టిని పట్టుకున్న మందూ ఆగుతుంది. పిల్లలను నాట్లకు ముందు వదలొద్దు. నాట్లయిన నెలకు, వేలెడువి కాకుండా అరచేతి పొడవువి వదలండి. ధర ఎక్కువైనా బతికేవి ఎక్కువ. వదిలేముందు వంక మూలలో చిన్న వల పంజరం కట్టి పది పిల్లలను ఒక రోజు ఉంచి చూడండి. పదీ చురుగ్గా ఉంటే ఆ నీళ్లు మంచివే. ప్రయోగశాల కాగితం కంటే ముందు ఆ పది పిల్లలే చెబుతాయి.

ఇక ఇప్పటి పని. నీళ్లు ఇంకా గోధుమరంగులోనే ఉంటే గండం దాటలేదు. మేత, పేడ, ఎరువు అన్నీ ఆపేయండి. తేలినవాటిని పూటపూటకూ తీసేయండి. రాత్రి రెండింటి నుంచి ఎండ వచ్చేదాకా మోటారు వేసి కుంట నీళ్లనే పైకి తోడి చినుకుల్లా మళ్లీ కుంటలో పడేట్టు చేయండి. బోరు నీళ్లు ఉంటే అవీ అలాగే పైనుంచి పడాలి, గొట్టం నీళ్లలో ముంచి వదిలితే లాభం తక్కువ. నీళ్లు మళ్లీ లేత పచ్చగా తిరిగేదాకా, వారం పది రోజులు, ఒక్క రాత్రి కూడా మానొద్దు. పంచనామా కాగితంలో నాటిన తేదీ, మందు చల్లిన తేదీ, వాన పడిన రాత్రి, మొదటి చావు, రెండో చావు విడివిడిగా రాయించు. డబ్బా మీది పేరు, శాతం, బ్యాచ్ నంబరు కూడా రాయించు. అవి తీసుకుని నాకు మళ్లీ రాయి, చూసి చెబుతాను.